బస్సు పాసైంది, డ్రైవరు తప్పాడు

జూన్ 4

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవించి, ఆ వెంటనే చీవాట్లు పెట్టి రాస్తున్నది. చిరంజీవి అని ఏదో అలవాటుకొద్దీ రాయలేదు. ఈసారికి అది ఆజ్ఞ అనుకో.

మరదలు ఫోన్ చేసి ఏడ్చింది. నాకు చెప్పొద్దని నువ్వు ఒట్టు వేయించుకున్నావట. మీ డిపోలో ఏటేటా జరిగే పరీక్షలో నీ బస్సు పాసైందట, నువ్వు తప్పావట! బీపీ ఎక్కువగా ఉందనీ, పొట్ట స్టీరింగుకి తగులుతోందనీ, మూడు నెలల్లో దారికి రాకపోతే బస్సు దింపి గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెడతామనీ డాక్టరు చెప్పాడట. ఇంత జరిగితే అక్కకి ఒక్క ముక్క రాయవా? నేనేమైనా దారిన పోయే దానయ్యనా?

నీకు ఫోన్ చెయ్యకుండా ఉత్తరం ఎందుకంటావేమో. ఫోనులో నువ్వు "ఊఁ, ఊఁ" అంటూనే పక్కవాడికి సైగలు చేస్తుంటావు. ఉత్తరంతో ఆ ఆటలు సాగవు. జవాబు కూడా ఉత్తరంలోనే రాయి. చేతిరాత చూస్తే నువ్వెప్పుడు అబద్ధం రాశావో నాకు తెలిసిపోతుంది.

బస్సు దింపితే నువ్వేమవుతావో నాకు తెలుసు. చిన్నప్పుడు కంచం పట్టుకుని ఇల్లంతా బస్సు నడిపినవాడివి. గేటు దగ్గర కూర్చుని పక్కవాళ్ళ బస్సులకి కర్ర ఎత్తుతూ బతకలేవు. అందుకని చెప్పింది విను. నేనేం కొత్త విద్యలు చెప్పబోవడం లేదు. బడిలో ముప్పై ఏళ్ళు డ్రిల్లు టీచరుగా పిల్లలకి చెప్పిన మాటలే. పొద్దున్నే లేచి నడువు. నీళ్ళు బాగా తాగు. కూరలో ఉప్పు తగ్గించు, కంచంలో కూర పెంచు. డ్యూటీ దిగాక డిపో క్యాంటీనులో నూనెలో తేలే సరుకు తినడం మానెయ్. త్వరగా పడుకో. డాక్టరిచ్చిన మాత్ర ఒక్క పూట కూడా తప్పించకు. బావుంది కదా అని మాత్ర మానేసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

నన్ను చూసి నేర్చుకో. రిటైరై ఇన్నేళ్ళయినా, రోజూ తెల్లారగానే మా వీధి వెనకున్న ఆటస్థలంలో మూడు చుట్లు తిరిగితే గానీ కాఫీ గొంతు దిగదు నాకు.

నీ మేలు కోరే,
అక్క


జూన్ 15

అక్కకి,

తమ్ముడు నడుము పట్టేసేంతవరకూ వంగి నమస్కరించి రాస్తున్నది.

ముందుగా నాకు జరిగిన అన్యాయం విను. నా బస్సుకి పన్నెండేళ్ళు. కింద నూనె కారుతుంది. మలుపు తిరిగితే మూలుగుతుంది. ఎత్తెక్కేటప్పుడు దాని దగ్గు విని జనం కిటికీలు మూసుకుంటారు. దానికి ఆదివారం రంగు వేసి, సోమవారం పరీక్షకి పంపారు. పాసైంది! అదే వారం నన్ను పంపారు. నాకు రంగు వేసేవాడేడీ?

అయినా నువ్వు చెప్పాక కాదంటానా? మర్నాడే నీళ్ళు మొదలుపెట్టాను. రోజంతా తాగడానికి స్టీరింగు వదలలేను కదా, ఒక పని అయిపోతుందని మొదటి ట్రిప్పుకి ముందే ఎనిమిది గ్లాసులు దించేశాను. ఆసుపత్రి స్టాపు దాటేసరికి నాకు కళ్ళముందు దారి కనబడలేదు. పెట్రోలు బంకులో ఆపి పరిగెత్తాను. కండక్టరు మంచివాడు. "ఇంజను వేడెక్కింది" అని జనానికి సర్దిచెప్పాడు. మార్కెట్టు దగ్గర రెండోసారి ఆపితే ముందు సీట్లో ముసలాయన లేచి, "వేడెక్కింది ఇంజను కాదయ్యా, నిండింది డ్రైవరు" అన్నాడు. బస్సంతా నవ్వు. పరువు నీళ్ళలో కలిసింది.

నడక కూడా మొదలుపెట్టాను. అయితే ఒక చిక్కుంది. రూటు లేకుండా కదలడం నాకు చేతకాదు. ఇరవై ఐదేళ్ళుగా ఎక్కడ బయల్దేరి ఎక్కడ ఆగాలో ఎవరో చెబితే కదిలినవాణ్ణి. ఊరికే నడవమంటే నాలుగు రోడ్ల కూడలిలో నిలబడిపోయాను. ఇక ఇలా కాదని నా బస్సు రూటులోనే నడుస్తున్నాను. అది కళ్ళు మూసినా వస్తుంది. నడక కాగానే డ్యూటీ ఎక్కాలి కాబట్టి యూనిఫాం వేసుకునే బయల్దేరుతున్నాను. మలుపుల దగ్గర నేను మరీ వెడల్పుగా తిరుగుతున్నానని మీ మరదలు నవ్వుతోంది. వెనక టైర్లు కాలవలో పడకుండా తిప్పడం అలవాటైపోయింది, ఏం చెయ్యను?

ప్రతి స్టాపులోనూ కాసేపు ఆగుతున్నాను. ఆగకుండా దాటిపోతే మనసొప్పడం లేదు.

నీ ఆరోగ్యం జాగ్రత్త. నీకు చెప్పేంతటివాణ్ణి కాననుకో.

నీ తమ్ముడు


జూలై 1

తమ్ముడికి,

దీవెనలు తర్వాత. ఒరేయ్, నీళ్ళు తాగమంటే డీజిలు ట్యాంకు నింపినట్టు నింపుకోమన్నానా? సీసా పక్కన పెట్టుకుని, ట్రిప్పు ట్రిప్పుకీ మధ్య నాలుగు గుక్కలు తాగు. దాహమయ్యేదాకా ఆగకు, పొట్ట పగిలేదాకా తాగకు. ఈ మాట ఒకటో తరగతి పిల్లలకి చెబితే అర్థమైంది. నీకు విడమరిచి చెప్పాల్సి వస్తోంది.

స్టాపుల్లో ఆగడమేమిటి? నువ్వు ఆగితే నీ గుండె కూడా "స్టాపు వచ్చింది" అనుకుని చల్లబడుతుంది. ఆగకుండా నడవాలి. ఎంత వేగంగా అంటే, నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. పాట వచ్చిందంటే నువ్వు బద్ధకంగా నడుస్తున్నట్టు. మాట కూడా రాలేదంటే మరీ ఎక్కువ చేస్తున్నట్టు. మధ్యమధ్యలో నోరు విప్పి ఏదో ఒకటి మాట్లాడి చూసుకో. మా బడిలో పరుగుపందేల పిల్లలకి ఇదే పెట్టేదాన్ని.

నీ అన్నం డబ్బా సంగతి మరదలితో మాట్లాడాను. ఉప్పు సగం, నూనె చెంచాడు, ఉడికించిన కూరలు నిండుగా. నువ్వు మొహం చిట్లిస్తావని తెలుసు. నాలుక రెండు వారాలు గోల చేస్తుంది, తర్వాత అదే నోరు మూసుకుంటుంది.

కూర్చునే పద్ధతి కూడా మార్చుకో. స్టీరింగు మీద బోర్లా పడుకున్నట్టు కూర్చుంటావు నువ్వు. వీపు సీటుకి ఆనించు. ట్రిప్పు దిగగానే చేతులు చాచి, మెడ అటూ ఇటూ తిప్పు.

నా మూడు చుట్లు మామూలే. ఆటస్థలం గేటుకి కొత్తగా ఆకుపచ్చ రంగు వేశారు. పొద్దున్నే చూస్తే కళ్ళకి హాయిగా ఉంది.

అక్క


జూలై 20

అక్కకి,

ఈ ఉత్తరం చదివేముందు కూర్చో. చేతిలో కాఫీ ఉంటే కింద పెట్టు.

నీ మాట పట్టుకుని ఆగకుండా నడిచాను. మధ్యమధ్యలో మాట్లాడి చూసుకోమన్నావు. ఒంటరిగా నడిచేవాడు ఎవరితో మాట్లాడతాడు? నాకు తోచిన మాటలు స్టాపుల పేర్లే. "పాలకేంద్రం! బడి! ఆసుపత్రి! మార్కెట్టు!" అని గట్టిగా అనుకుంటూ పోతున్నాను. మాట బాగానే వస్తోంది. సరైన వేగమే అని సంతోషపడ్డాను.

పాలకేంద్రం దగ్గర బస్సు కోసం నిలబడ్డవాళ్ళు నన్ను చూశారు. యూనిఫాములో డ్రైవరు, కాలినడకన, స్టాపుల పేర్లు పిలుస్తూ పోతున్నాడు. వాళ్ళలో ఒకాయన, "ఇవాళ బస్సు లేదు కాబోలు, డ్రైవరే దారి చూపిస్తున్నాడు. పదండి" అన్నాడట. పది అడుగులేసి వెనక్కి చూద్దును కదా, నా వెనక జనం! బడి దగ్గర ఇంకొందరు కలిశారు. నేను ఆగితే అడుగుదామని వాళ్ళు. ఆగొద్దని నువ్వు చెప్పావని నేను. వాళ్ళు పరిగెత్తేకొద్దీ నేను వేగం పెంచాను. ఆసుపత్రి దాటేసరికి ఊరేగింపు అయిపోయింది. సంచీలు పట్టుకున్న ఒకావిడ, "కాస్త మెల్లగా పోనివ్వు బాబూ" అని కేకేసింది. ఇంకొకాయన టిక్కెట్టు సగమా, పూర్తా అని అడిగాడు.

ఇంతలో అసలు బస్సు వెనక నుంచి ఖాళీగా వచ్చింది. ఆ బస్సు డ్రైవరు ప్రతి స్టాపూ చూసుకుంటూ వచ్చాడట. మనిషి లేడు. ఊళ్ళో ఏదో ఉపద్రవం జరిగిందనుకుని డిపోకి ఫోన్ చేశాడు.

డిపో మేనేజరు నాకు మెమో ఇచ్చాడు. యథాతథంగా రాస్తున్నాను: "మీరు విధిలో లేని సమయమున యూనిఫాము ధరించి, స్టాపుల పేర్లు పిలుచుచు, ప్రయాణికులను కాలినడకన తరలించినట్లు ఫిర్యాదు అందినది. సంజాయిషీ ఇవ్వవలెను." ఏమని రాయను? "మా అక్క చెప్పింది" అని రాశాను. ఆయన దాన్ని నా మొహాన కొట్టి, ఇంకో తప్పు జరిగితే డాక్టరు పరీక్ష దాకా కూడా ఆగనన్నాడు. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే.

అయితే నీకొక శుభవార్త. మీ మరదలు పెట్టే ఉడికించిన కూరల డబ్బా రోజూ ఖాళీగానే ఇంటికి పోతోంది.

నీ తమ్ముడు


ఆగస్టు 3

తమ్ముడా,

నీ ఉత్తరం సగం వరకూ చదివి నవ్వాను. ఎదురుగా ఇస్త్రీ దుకాణం నడిపే ఆవిడ ఏమైందోనని పరిగెత్తుకొచ్చింది. ఆ ఊరేగింపు ఆవిడకీ చదివి వినిపించాను. ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం.

ఆ సాయంత్రమే మరదలు ఫోన్ చేసింది. అప్పటినుంచి నవ్వు రావడం లేదు.

మీ కండక్టరు భార్య మీ ఇంటికొచ్చి మరదలి చేతులు పట్టుకుందట. "మా ఆయన బెల్టుకి కొత్త చిల్లులు పొడిపించుకున్నాడండీ. మీ డబ్బా చలవే" అందట. డబ్బా ఖాళీగా పోతోందని ఎంత తెలివిగా రాశావురా! నీ కూరలు అతను తిన్నాడు, అతని వేపుళ్ళు నువ్వు తిన్నావు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడలేదనుకుంటుందట.

నాకు కోపం వచ్చింది నువ్వు తిన్నందుకు కాదు. నాకు భయం వేసింది. నేనెప్పుడూ నీకు ఈ మాట చెప్పలేదు, ఇవాళ చెబుతున్నాను. నాన్న కుట్టుమిషను ముందు కూర్చుంటే లేచేవాడు కాదు, గుర్తుందా? నేనప్పటికే డ్రిల్లు టీచరుని. ఇంటికొచ్చినప్పుడల్లా, "నాన్నా, కాసేపు నడవండి" అనేదాన్ని. "ఈ ఒక్క చొక్కా అయ్యాక" అనేవాడు. ఆ చొక్కా అయ్యేది, ఇంకో చొక్కా వచ్చేది. ఆయన పోయిననాడు మిషను మీద సగం కుట్టిన చొక్కా ఉంది. నాన్నకి అప్పుడు యాభై మూడు. నీకు వచ్చే ఏడు యాభై మూడు.

అమ్మా లేదు, నాన్నా లేడు, మీ బావా పోయాడు. పుట్టింటివైపు నాకు మిగిలింది నువ్వొక్కడివి. నీ ఉద్యోగం పోతే ఏడుస్తాను. నువ్వే పోతే ఎవరిని తిట్టుకుంటూ బతకమంటావు?

ఇకమీదట అబద్ధం రాసేటట్టయితే నాకు ఉత్తరమే రాయొద్దు.

అక్క


ఆగస్టు 12

అక్కకి,

నీ ఉత్తరం డిపోలో చదివాను. కళ్ళలో నలక పడిందని కండక్టరుతో చెప్పాను. ఆ తర్వాత నా డబ్బా నేనే తిన్నాను. ఉప్పు లేని బీన్సు నమిలి మింగుతుంటే నాన్నే గుర్తొచ్చాడు. ఇంకెప్పుడూ డబ్బా మార్చను. కండక్టరు మూడు రోజులుగా నాతో మాట్లాడడం లేదు. అతను సన్నబడడం వాళ్ళావిడకి నచ్చేసి, ఇప్పుడు వేపుడు అడిగితే గరిటె చూపిస్తోందట.

ఇక్కడితో నా తప్పు ఒప్పుకోవడం అయిపోయింది. ఇప్పుడు నీ వంతు.

మొన్న మీ ఊరి లైను బస్సు నడిపే మావాడితో నీకు పార్సెలు పంపాం. మీ మరదలు ముచ్చటపడి కొన్న మెత్తటి బూట్లు. "వదిన రోజూ మూడు చుట్లు తిరుగుతారు కదా, పాత చెప్పులతో ఏం నడుస్తారు" అంది. అవి నీకు అందాయని తెలుసు. నీకు తెలియనిదేమిటంటే, నువ్వెలా నడుస్తావో చూసి రమ్మని మావాడికి చెప్పాను. చూసి నేర్చుకుందామనే, నన్ను నమ్ము.

వాడు తిరిగొచ్చి ఏం చెప్పాడో తెలుసా? మీ వీధి వెనక ఆటస్థలమే లేదట! నిరుడే తవ్వేసి నీళ్ళ ట్యాంకు కడుతున్నారట. ఆకుపచ్చ గేటు కాదు కదా, అసలు గేటే లేదట. నీ కళ్ళకి అంత హాయినిచ్చిన రంగు ఏ గోడకి వేశారక్కా? ఇస్త్రీ దుకాణం ఆవిడని అడిగితే, "టీచరమ్మ గడప దాటి ఏడాది కావొస్తోంది. కూరలూ సరుకులూ నేనే తెచ్చిపెడతా. ఉత్తరాలూ నేనే వేస్తా" అందట.

చేతిరాత చూస్తే అబద్ధం తెలిసిపోతుందన్నావు. నీది ముత్యాల్లాంటి చేతిరాత, నాకెలా తెలుస్తుంది? ఎదుటివాళ్ళకి చెప్పడానికేనా నీతులన్నీ? నాన్న గురించి నువ్వు రాసింది చదివి నేను ఏడ్చాను. అలాంటి మాటలు రాసిన మనిషి కాలు కదపకుండా కూర్చుంటే నేనేమనుకోవాలి? నీకు మిగిలింది నేనొక్కణ్ణయితే, నాకు మాత్రం ఎంతమంది మిగిలారు?

ఏమైందో చెప్పు. బావ ఉంటే బావని అడిగేవాణ్ణి.

నీ తమ్ముడు


ఆగస్టు 20

తమ్ముడికి,

నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. మొదట కోపంతో జవాబు రాయలేదు. తర్వాత సిగ్గుతో రాయలేదు.

బూట్లు సరిగ్గా సరిపోయాయి. వంటింటి నుంచి ముందు గదికీ, ముందు గది నుంచి వంటింటికీ వేసుకుని తిరిగాను. మరదలికి చెప్పు.

నిరుడు వానల్లో కూరల మార్కెట్టులో కాలు జారి పడ్డాను. పడితే పడ్డాను, అందరూ పడతారు. కానీ చుట్టూ నా దగ్గర చదువుకున్న పిల్లలు, వాళ్ళ పిల్లలు. "అయ్యో, విజిలు టీచరు పడిపోయింది" అన్నారెవరో. గూని పెట్టకుండా నిలబడమని నేను నెత్తిన మొట్టిన పిల్లే నన్ను లేవదీసి, "మెల్లగా టీచర్, మెల్లగా" అంది. పసిపిల్లకి చెప్పినట్టు చెప్పింది. మడమ వాపు నెలలో తగ్గిపోయింది. భయం తగ్గలేదు. గడప దగ్గర నిలబడగానే కింద నేల తడిగా ఉన్నట్టే ఉంటుంది. పొడిగానే ఉందని కళ్ళకి తెలుసు. కాళ్ళకి తెలియదు.

నీకెలా చెప్పను? లోకానికంతా నడవమని చెప్పినదాన్ని. నీకు రాసిన ప్రతి సలహా నాకు నేను చెప్పుకున్నదే. నువ్వు నడిస్తే నేను నడిచినట్టే అనిపించేది. ఆ గేటుకి రంగు కూడా అలాగే వేశాను.

సరే, నా సంగతి వదిలెయ్. నాకేం స్టీరింగు లేదు, ఎవరూ మెమో ఇవ్వరు. నీ పరీక్ష దగ్గర పడింది. మాత్ర, నిద్ర, నడక, నీ డబ్బా నువ్వే. నడిచేటప్పుడు మామూలు చొక్కా వేసుకో. మాట్లాడాలనిపిస్తే మరదల్ని వెంటబెట్టుకెళ్ళు. ఇరవై ఏళ్ళ నుంచి నువ్వు ఆవిడతో మాట్లాడిందెప్పుడు గనక!

అక్క


సెప్టెంబరు 9

అక్కకి,

పాసయ్యాను!

ఈ ముక్క ముందే రాసేశాను, ఇక నిదానంగా చదువుకో. మరదల్ని వెంటబెట్టుకెళ్ళమన్నావు కదా, పెట్టుకెళ్ళాను. నడుస్తున్నంతసేపూ తను మాట్లాడింది, నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆనాటి ఊరేగింపులో నా వెనక పరిగెత్తినవాళ్ళలో నలుగురైదుగురు నడక మానలేదు. సంచీలావిడ కూడా వస్తోంది. మోకాళ్ళ నొప్పి తగ్గిందట. ఎవరూ స్టాపుల పేర్లు ఎత్తకూడదని ఒప్పందం.

పరీక్షనాడు డాక్టరు నా చేతికి పట్టీ కట్టి గాలి కొట్టాడు. చూసి పెదవి విరిచాడు. మళ్ళీ ఎక్కువే! నా పైప్రాణాలు పైనే పోయాయి. అప్పుడు డాక్టరు వెనక్కి తిరిగి చూస్తే, ఆయన భుజం మీదుగా మా మేనేజరు తొంగిచూస్తున్నాడు. "మీరు కాస్త బయటికెళ్ళండి" అన్నాడు డాక్టరు. మేనేజరు వెళ్ళాడు. నన్ను కాసేపు ఊరికే కూర్చోబెట్టి మళ్ళీ కట్టాడు. తగ్గింది! ఇంకోసారి కట్టాడు. ఇంకాస్త తగ్గింది! బరువు కూడా తగ్గానన్నాడు. మాత్ర మానొద్దని, ఆరు నెలలకి మళ్ళీ రమ్మని చెప్పి సంతకం పెట్టాడు. నేను పాసైనందుకు కండక్టరు అలక కూడా తీరింది.

అంతటితో అయిపోలేదు. డాక్టరు మేనేజరుని లోపలికి పిలిచి, "మీరూ కూర్చోండి" అని ఆయన చేతికి కట్టాడు. నాకు జూన్‌లో వచ్చినదానికన్నా ఎక్కువుందట. సాయంత్రం ఆయన నన్ను గదిలోకి పిలిచాడు. ఇంకో మెమో అనుకుని, సంజాయిషీ ఆలోచించుకుంటూ వెళ్ళాను. తలుపు వేసి, గొంతు తగ్గించి, "పొద్దున నువ్వు ఎన్నింటికి బయల్దేరతావయ్యా?" అన్నాడు.

ఇప్పుడు అసలు విషయం. ఈ ఏడు పాసైన డ్రైవర్లని రూటు కోరుకోమన్నారు. అందరూ ఊళ్ళో తిరిగే రూట్లు కోరుకున్నారు. నేను మీ ఊరి లైను అడిగాను. కండక్టరు కూడా నాతోనే వస్తానన్నాడు. సోమవారం నుంచి రోజూ పొద్దున ఏడున్నర ప్రాంతంలో నా బస్సు మీ వీధి చివర నుంచి వెళ్తుంది. నేను దిగి ఇంటికి రాలేను. సమయం లేదు, మేనేజరు ఒప్పుకోడు. పక్కనే ఆసుపత్రి, హారను కొట్టకూడదు. పైగా అది చిన్న స్టాపు. ఎవరైనా చెయ్యెత్తితేనే ఆపాలని రూలు. ఎవరూ ఎత్తకపోతే ఆపకుండా పోవాలి.

నిన్ను చూసి రెండేళ్ళయింది అక్కా. నాకు చూడాలని ఉంది. నేను అక్కడిదాకా వస్తాను. మిగతా దూరం నీది.

నీ తమ్ముడు


సెప్టెంబరు 18

చిరంజీవి తమ్ముడికి,

అక్క మనసారా దీవించి రాస్తున్నది.

నువ్వు పాసైన సంగతి ఇస్త్రీ దుకాణం ఆవిడకి చెబితే ఆవిడ ఇస్త్రీ చేస్తున్న చీర వదిలేసి చప్పట్లు కొట్టింది. ఆ చీర మీద ఇప్పుడొక కాలిన మచ్చ ఉంది. అది నీ ఖాతాలో రాశాను.

సోమవారం బూట్లు వేసుకుని గుమ్మం దాకా వచ్చాను. వాకిలి దాటలేకపోయాను. ఇళ్ళ మీదుగా నీ బస్సు పైకప్పు మాత్రం కనబడింది. కొత్త రంగు బాగానే ఉంది. లోపలికొచ్చి రోజంతా నన్ను నేను తిట్టుకున్నాను. నిన్ను తిట్టినప్పుడు వాడని మాటలు కూడా వాడాను.

మంగళవారం ఇస్త్రీ బల్ల దాకా వెళ్ళాను. బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాను. నీ బస్సు వచ్చింది. నువ్వు మెల్లగా పోనిచ్చి, స్టాపు వైపు చూశావు. అక్కడ ఎవరూ లేరు, ఎవరూ చెయ్యెత్తలేదు. వెళ్ళిపోయావు. పోతూ పోతూ మెడ వెనక్కి తిప్పి చూశావు. డ్రైవరువి, రోడ్డు చూసుకోవద్దూ? నీ మొహం చూసి నాకు ఆ పూట అన్నం సయించలేదు.

ఇవాళ ఆవిడ తోడొస్తానంది. ఇంకో చీర కాల్చుకుంటావు, వద్దన్నాను. ఒక్కదాన్నే బయల్దేరాను. తడి ఉందేమోనని ప్రతి అడుగుకీ కిందకి చూసుకుంటూ నడిచాను. పిల్లలు ఎవరో "నమస్తే టీచర్" అన్నారు. నవ్వలేదు, పడబోతే పట్టుకుందామనీ చూడలేదు. ఊరికే నమస్తే అనే అన్నారు. స్టాపుకి చేరేసరికి ఒళ్ళంతా చెమట. నీ బస్సు ఆలస్యం. పావుగంట నిలబెట్టావురా, కూర్చోడానికి బల్లైనా లేదు. ఈ సంగతి మీ మేనేజరుకి విడిగా రాస్తాను.

నువ్వొచ్చావు. నేను చెయ్యెత్తాను.

బస్సు నా ముందే ఆగింది. నువ్వు నన్ను చూశావు, నేను నిన్ను చూశాను. పొట్ట నిజంగానే తగ్గింది. వీపు సీటుకి ఆనించే కూర్చున్నావు. ఇన్నాళ్ళూ ఇన్ని కాగితాలు నింపానే, ఒక్క ముక్క గుర్తు రాలేదు.

మీ కండక్టరు తలుపు తీసి, "ఎక్కండమ్మా" అన్నాడు. ఎక్కనన్నాను. "మరి చెయ్యెందుకెత్తారు?" అన్నాడు. "వాడు మా తమ్ముడు" అన్నాను. వెనక నుంచి ఎవరో, "ఇది బస్సా, చుట్టాలిల్లా?" అని అరిచారు. నువ్వు కళ్ళు తుడుచుకుని గేరు వేశావు. నలక పడిందని చెప్పే ఉంటావు.

ఇంటికొచ్చాక భయం పట్టుకుంది. ఎక్కని మనిషి కోసం బస్సు ఆపావని ఎవరైనా ఫిర్యాదు చేస్తే నీకు మళ్ళీ మెమో ఇస్తారు. అందుకని రేపటినుంచి టిక్కెట్టు తీసుకుని ఎక్కుతాను. నీ వెనక సీట్లో కూర్చుంటాను. తర్వాతి స్టాపులో దిగిపోతాను. అక్కడినుంచి ఇంటికి నడిచే వస్తాను.

అక్క